సరిహద్దు నీళ్లలో నా సంతకం

నేను ఆ రేవులో బస్సు దిగేసరికి ఉదయం పది గంటల నలభై నిమిషాలు. ఏప్రిల్ చివరి వారం. గాలి లేదు. భుజాన పదహారు కిలోల కిట్ బ్యాగు. ఒంటి మీద యూనిఫాం.

రేవు గేటుకు ఎదురుగా ఒక టీ కొట్టు ఉంది. టీ అడిగాను. కొట్టతను నా భుజం మీది పట్టీ చూసి, అయిపోయిందన్నాడు. బాయిలరు నుంచి ఆవిరి వస్తూనే ఉంది. నా వెనక వచ్చిన ఇద్దరికి పోసి ఇచ్చాడు. నేను అక్కడే నిలబడ్డాను. వాళ్లు తాగుతూ నా బూట్ల దగ్గర ఉమ్మారు.

గేటు దగ్గర కాపలా జవాను నా కాగితాలు చూశాడు.

"యూనిఫాంలో బయట తిరగొద్దని ఎవరూ చెప్పలేదా?"

"లేదు."

"ఇప్పుడు నేను చెప్తున్నా. పోయిన వారం మనవాడికి ఆ టీ కొట్టు ముందే తల పగిలింది. ఏడు కుట్లు."

అది నా కొత్త పోస్టింగు.

మాది ఉదయగిరి అవతల, సీతారామపురం వైపు ఒక పల్లె. గొర్రెల మీద బతికిన ఇల్లు. పద్దెనిమిదేళ్లు నిండేదాకా నేను సముద్రం చూడలేదు. తీరగస్తీ దళంలో చేరాక పదకొండేళ్లు అదే చూశాను. ఇప్పుడు ఆత్మకూరులో నీళ్ల మోటార్లు బాగుచేసే షాపు నడుపుతున్నాను. షాపుకు వచ్చే రైతులు అడుగుతుంటారు, "యుద్ధం చేసినావా మాల్యాద్రీ?" అని. చేపలకు కాపలా కాశానంటే నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ రేవులో ఉన్న ఎనిమిది వారాల్లో ఏం జరిగిందో ఒకసారి వరసగా రాసి పెట్టాలని కూర్చున్నాను.

ఆ జలసంధి ఇరుకైనది. మా రేవు నుంచి సరిహద్దు గీతకు పన్నెండు నాటికల్ మైళ్లు. గీతకు అవతల పొరుగు దేశం. నీళ్ల మీద గీత కనబడదు. ఓడలో ప్లాటరు అనే తెర ఉంటుంది. దాని మీద గీత ఎర్ర చుక్కల వరుసగా కనబడుతుంది. ఆ తెర ముందు కూర్చోవడమే నా పని.

వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలం. ఇవతలా అవతలా మరబోట్ల వేట నిషేధం. అయినా మావైపు నుంచి పెద్ద మరబోట్లు పోయేవి. సముద్రం అడుగును గీకుతూ వల లాగేవి. అవతలి వాళ్లు చిన్న పడవల్లో వచ్చి వల పరిచి పోతారు. మన బోటు ఒక్కసారి అటు వెళితే వాళ్ల వలలు పీలికలయ్యేవి. దీని మీద ఏళ్ల తరబడి తగాదా. కాల్పులు, జైళ్లు, రాస్తారోకోలు. చివరికి రెండు ప్రభుత్వాలు ఒక ఒప్పందానికి వచ్చాయి. నిషేధం ఉన్నన్నాళ్లు రెండు దేశాల ఓడలు కలిసి గస్తీ తిరగాలి. వాళ్ల మనుషులిద్దరు మా ఓడలో, మా వాళ్లిద్దరు వాళ్ల ఓడలో ఉండాలి.

ఒప్పందంలో ఒక నియమం ఉంది. ఈ కథంతా దాని మీదే నడుస్తుంది కాబట్టి చెప్పాలి. దొంగవేట బోటు మొదటిసారి కనబడినప్పుడు వల గీతకు ఏ వైపున ఉంటే కేసు ఆ దేశానిది. జైలూ ఆ దేశానిదే. ఆ చోటును ఇద్దరు ధ్రువీకరించాలి. ప్లాటరు మీద ఉన్న మా నావికుడు ఒకడు, మా ఓడలో ఉన్న వాళ్ల మనిషి ఒకడు. రెండు సంతకాలూ ఉంటేనే కాగితం చెల్లుతుంది. లేకపోతే బోటును పట్టుకున్న చోటే లెక్క.

మా నావికుడంటే నేను. వాళ్ల మనిషి ఒక పెట్టీ ఆఫీసరు, అంటే నావికుల పైన చిన్న అధికారి. నలభై అయిదేళ్లుంటాయి. సన్నగా, ఎండిన కట్టెలా ఉండేవాడు. బూట్లు విప్పకుండా పడుకునేవాడు. ఆయనకూ నాకూ ఒకటే క్యాబిన్. ఆయన భాష తమిళం. నాకు పనికి సరిపడా తమిళం వచ్చు.

మొదటి రోజు రాత్రి డ్యూటీ దిగాక ఆయన అడిగాడు.

"నీది ఏ రేవు?"

"రేవు కాదు. మెట్ట ప్రాంతం. గొర్రెలు కాసేవాళ్లం."

"మరి చేపలతో నీకేం పని?"

"ఉద్యోగం."

"నా తమ్ముడికి అది తిండి. మీ బోట్లు రెండుసార్లు వాడి వల కోసేశాయి. రెండోసారి వాడు పడవలో ఉండగానే కోశాయి." అలా అని గోడవైపు తిరిగాడు. తర్వాత నాలుగు వారాల్లో ఆయన నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు.

ఓడ పొడవు యాభై మీటర్లు. లోపల ముప్పై ఎనిమిది మంది. నా డ్యూటీ పొద్దున నాలుగు నుంచి ఎనిమిది, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది. ఆపరేషన్స్ రూములో ఏసీ సగం పని చేసేది. వేడి ముప్పై ఆరు దాటితే రాడారు మొరాయించేది. దానికి తడిగుడ్డ చుట్టి, నా మెడకూ ఒకటి చుట్టుకునేవాడిని.

రేడియో పదహారో ఛానల్ ఎప్పుడూ తెరిచి ఉండాలి. ఆపదలో ఉన్నవాళ్లు పిలిచే ఛానల్ అది. మాకు అందులో తిట్లే వచ్చేవి.

"గస్తీ ఓడా, గస్తీ ఓడా. మీ ఇళ్లల్లో చేపలు తినరా? మా పిల్లలు ఏం తినాలి?" అది మనవైపు గొంతు.

"గస్తీ ఓడా. మీ దొంగలు మా వలలు చీరుస్తుంటే మీరు బొమ్మల్లా నిలబడ్డారా?" అది అవతలి గొంతు.

రెండిటికీ మేం ఇవ్వాల్సిన జవాబు ఒకటే. "మీ మాట విన్నాం. ఛానల్ ఖాళీ చేయండి." రోజుకు ముప్పై సార్లు అన్నాను.

అయిదో వారంలో ఒక మంగళవారం. ఉదయం అయిదు యాభై రెండు. తెల్లవారింది. సముద్రం మీద సన్నటి అలలు. రాడారులో ఒక చుక్క. వేగం రెండున్నర నాట్లు. అంటే గంటకు రెండున్నర నాటికల్ మైళ్లు. అంత నెమ్మదిగా పోయేది వల లాగే బోటే. బోటు జాడ చెప్పే యంత్రం ఆపేసి ఉంది. ప్లాటరులో దాని చోటు చూశాను. గీతకు అవతల సున్నా పాయింటు ఆరు మైలు. అంటే కిలోమీటరుకు కొంచెం ఎక్కువ.

పెట్టీ ఆఫీసరు నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

"చూశావా?"

"చూశాను."

"రాయి."

పెన్సిల్‌తో చిత్తు పుస్తకంలో రాశాను. టైము, చోటు, వేగం. ఆయన తన పుస్తకంలో రాసుకున్నాడు.

కెప్టెన్ రేడియోలో అవతలి దేశం ఓడను పిలిచాడు.

"మీరెంత దూరం?"

"పద్నాలుగు మైళ్లు. మీరు ఆపండి. మేం వస్తున్నాం."

ఆరుంబావుకు బోటు మమ్మల్ని చూసింది. వల ఎత్తుకుని పడమరకు పరుగు తీసింది. గీత దాటి మనవైపుకు వచ్చేసింది. ఆరు ముప్పై ఎనిమిదికి దాని పక్కకు చేరాం. అప్పటికి అది మన నీళ్లలో మైలు లోపల ఉంది. తప్పించుకున్నామని వాళ్లు అనుకున్నారు. మొదటి చూపు నియమం వాళ్లకు తెలియదు.

రబ్బరు పడవలో ఆరుగురం దిగాం. హెల్మెట్లు, లాఠీలు, ఒక రైఫిలు, ఓడకు మా మాటలు వినబడేలా భుజాలకు రేడియో సెట్లు. నన్ను తెలుగు, తమిళం రెండూ వచ్చని దింపారు. ముందు ఐసుగడ్డలు విసిరారు. తర్వాత సీసాలు. ఆ తర్వాత వలకు కట్టే ఇనుప కొక్కెం ఒకటి వచ్చి మా బోసన్ ముంజేతికి తగిలింది. డెక్కు పనులన్నిటికీ పెద్ద ఆయన. కేరళ మనిషి. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. ఆయన అరవలేదు. "ఎక్కండి," అన్నాడు.

ఎక్కాం. ఇద్దరు కొడవళ్లు తీశారు. రైఫిలు చూసి కింద పెట్టారు. మొత్తం ఎనిమిది మంది. బోటు నడిపే సరంగు మా ముఖాల మీద ఉమ్మాడు. "మీరు ఎవరి జీతం తింటున్నారు?" అని అడిగాడు.

వల డెక్కు మీద పోగుపడి ఉంది. వల కన్నులో నా చిటికెన వేలు కూడా దూరలేదు. లోపల వేలెడంత చేపపిల్లలు, పీతలు, నాచు, బురద. పోగు ఎత్తు నా మోకాలి దాకా ఉంది. అమ్మడానికి పనికొచ్చేవి ఒక బుట్టెడు కూడా ఉండవు.

వల లాగే యంత్రం పక్కన ఒకడు కమ్మీని రెండు చేతులతో వాటేసుకుని కూర్చున్నాడు. వాంతి చేసుకుంటున్నాడు. మధ్యలో "పెంచలస్వామీ, పెంచలస్వామీ" అంటున్నాడు. ఆ పేరు పెంచలకోన స్వామిది. ఆ గొంతులో యాస మా నేల యాస. దగ్గరికి పోయి కూర్చున్నాను.

"ఏ ఊరన్నా మీది?"

తల ఎత్తాడు. "కలిగిరి కాడ. నీది?"

"ఉదయగిరి పక్క."

నా ముంజేయి పట్టుకున్నాడు. "మనోడివే. ఇప్పుడు యాడికి తీసకపోతారు మమ్మల్ని? మన రేవుకే గదా?"

నా మెడకున్న తడిగుడ్డ తీసి అతని చేతికిచ్చాను.

"చెప్పన్నా. మన నీళ్లల్లోనే గదా పట్టుకున్నారు. సరంగు కూడా అదే అన్న్యాడు."

అతని పేరు పెంచలయ్య. ముప్పై ఆరేళ్లు. రెండేళ్లుగా వాన లేదు. బోరు ఎండిపోయింది. మేస్త్రీ ఒకడు బోటు పనికి తెచ్చాడు. ఇది మూడో ట్రిప్పు. ఈత రాదు.

"ఇంట్లో తెలుసా?"

"హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనని చెప్పినా. సముద్రమంటే మా ఆమె పంపించదు." మూతి తుడుచుకున్నాడు. "అవతలోళ్ల జైల్లో పెడితే ఆమెకు ఎట్ట తెలస్తాదన్నా? నేను సచ్చినానో బతికినానో ఎవురు చెప్తారు?"

ఫోన్ నంబరు అడిగాను. చెప్పాడు. అరచేతి మీద రాసుకున్నాను.

ఏడు ముప్పైకి వాళ్ల ఓడ వచ్చి అర మైలు దూరంలో ఆగింది. నేను మా ఓడకు తిరిగొచ్చాను. కెప్టెన్ టేబులు మీద ఫారం పెట్టారు. చిత్తులో రాసినదాన్ని అందులోకి ఎక్కించి సంతకం చేయాలి. ఎనిమిదిన్నరకల్లా కావాలన్నారు.

బోసన్ చేతికి కట్టు కట్టించుకుని మెట్ల దగ్గర నన్ను ఆపాడు.

"వాడు మీ వైపు మనిషట కదా."

"అవును."

"సున్నా పాయింటు ఆరు. రాడారు వేడెక్కిందని రాయి. నువ్వు సరిగా రాయకపోతే కాగితం చెల్లదు. మన జైల్లో పడతారు. జైలే కదా, శిక్షే కదా."

"మీ చెయ్యి విరగ్గొట్టింది వాళ్లే."

"అందుకే చెప్తున్నా. కోపం ఉండాల్సింది నాకు. నాకే వద్దనిపిస్తోంది."

కెప్టెన్ దగ్గరికి వెళ్లాను. ఆయన నా అరచేతిలోని నంబరు చూశాడు. ఏమిటని అడగలేదు.

"నేను ఆర్డరు ఇవ్వను," అన్నాడు. "చూసింది నువ్వు. మారిస్తే మార్చినవాడివీ నువ్వే. కానీ ఒకటి గుర్తుంచుకో. ఈ ఒక్క కాగితం తప్పని వాళ్లకు తెలిస్తే రేపటి నుంచి మళ్లీ వాళ్లు కాల్పులకే దిగుతారు. అప్పుడు పోయేవాళ్లూ ఇలాంటివాళ్లే."

ఆపరేషన్స్ రూములో పెట్టీ ఆఫీసరు ఒక్కడే ఉన్నాడు. తన పెన్ను మూత తీసి పెట్టుకున్నాడు.

"మీ మాటలు రేడియోలో విన్నాను. భాష అర్థం కాలేదు. గొంతు అర్థమైంది. నీ ఊరి మనిషి."

"నా జిల్లా మనిషి."

"మీరు అంకె మారుస్తారని ఈ ఓడ ఎక్కిన రోజే మా వాళ్లకు చెప్పాను. నాలుగు వారాలు అనుకున్నాను. అయిదు పట్టింది." నవ్వాడు. నేను ఆయన నవ్వు చూడటం అదొక్కసారే.

నా చెవుల్లోకి రక్తం ఎక్కింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. సమయం అయిదు యాభై రెండు. గీతకు అవతల సున్నా పాయింటు ఆరు మైలు. వేగం రెండున్నర నాట్లు. రాడారు బాగానే పని చేసింది. సంతకం పెట్టి కాగితాన్ని ఆయన వైపు తోశాను. కాగితం టేబులు దాటి ఆయన ఒళ్లో పడింది.

ఆయన రెండుసార్లు చదివాడు. తన పుస్తకంతో సరిచూసుకున్నాడు. సంతకం పెట్టాడు. థాంక్స్ చెప్పలేదు. ఎనిమిది పద్దెనిమిది.

తొమ్మిది నలభైకి అప్పగింత మొదలైంది. పదిన్నరకు అయిపోయింది. బోటును వాళ్ల ఓడ తాడు కట్టి లాక్కుపోయింది. ఎనిమిది మంది అటు వెళ్లారు.

ఆ సాయంత్రం రేవులో సిగ్నల్ దొరకగానే పెంచలయ్య ఇంటికి ఫోన్ చేశాను. భార్య ఎత్తింది. సంగతి చెప్పాను.

"ఎవురు నువ్వు?" అంది. "మా ఆయన హైదరాబాద్‌లో ఉండాడు. ఇట్టాంటి మాటలు చెప్పి ఏం అడుగుదామని చేసినావు?"

పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

మూడో రోజుకు రేవంతా తెలిసిపోయింది. బోట్ల యజమానులు, కూలీలు, వాళ్ల ఆడవాళ్లు గేటు ముందు బైఠాయించారు. ఓడకు కూరగాయల ఆటో రానివ్వలేదు. మంచినీళ్ల ట్యాంకరును వెనక్కు తిప్పారు. గోడ మీద ఎర్ర రంగుతో "అమ్ముడుపోయినవాళ్లు" అని రాశారు. గస్తీకి పోతూ వస్తూ మేం ఓడలోనే ఉండిపోయాం. తొమ్మిది రోజులు పప్పూ అన్నమే. మెస్సులో నేను కూర్చున్న టేబులు దగ్గరికి కొందరు రావడం మానేశారు. వాళ్లను తప్పుపట్టను.

ఎనిమిదో వారం ఆఖరున పెట్టీ ఆఫీసరు తన సామాను సర్దుకున్నాడు. క్యాబిన్ తలుపు దగ్గర ఆగాడు.

"నా తమ్ముడికి చెప్పాను. ఒకడు ఉన్నది ఉన్నట్టు రాశాడని. వాడు నమ్మలేదు."

"మీరు?"

"నేను నీ పక్కన ఉన్నాను కాబట్టి రాశావు. లేకపోతే?"

జవాబు కోసం ఆగకుండా మెట్లెక్కి వెళ్లిపోయాడు. నేను నిజం కోసం ఆ సంతకం పెట్టానా, ఆ మనిషి నవ్వు ఆపడానికి పెట్టానా అని చాలాసార్లు ఆలోచించాను. నవ్వకుండా ఉంటే ఏం రాసేవాడినో నాకు తెలియదు.

మరుసటి ఏడు దళం నుంచి బయటికొచ్చాను. నెల్లూరులో రైలు దిగి బస్సెక్కి ఆత్మకూరు వచ్చాను. షాపు అద్దెకు తీసుకున్నాను. నెల రోజులు ఆగి ఒక ఆదివారం పొద్దున కలిగిరి బస్సెక్కాను. పెంచలయ్య అయిదు నెలలకు విడుదలయ్యాడని కెప్టెన్ ముందే కబురు చేశాడు.

పొగాకు కాల్చే రోజులు. కలిగిరి దాటాక మూడు కిలోమీటర్ల లోపల ఒక బేరన్ దగ్గర దొరికాడు. అది ఆకు కాల్చే గది. బయట షెడ్డులో ఆడవాళ్లు కర్రలకు పచ్చాకు అల్లుతున్నారు. అతను పొయ్యి దగ్గర కట్టెలు వేస్తున్నాడు. చిక్కిపోయాడు. పైపళ్లు రెండు లేవు.

నన్ను చూసి కట్టె కింద పెట్టాడు. మళ్లీ ఎత్తుకున్నాడు.

"ఎట్టుండావన్నా?" అన్నాను.

"కనపడ్తా ఉండా గదా."

ఆకు అల్లుతున్న వాళ్లలో ఒకామె లేచి వచ్చింది. "ఫోన్ చేసింది నువ్వేనా?"

"నేనేనమ్మా."

"ఆ పొద్దు నేను నమ్మలా. నాలుగు దినాలు హైదరాబాద్‌లో తెలిసినోళ్లందరికీ ఫోన్ కొడతానే ఉండా. అయిదో దినం నీకే చేసినా. నీ ఫోన్ కలవలా."

నిజమే. అప్పుడు మేం సముద్రంలో ఉన్నాం. అదే చెప్పాను. ఆమె విని, వెళ్లి మళ్లీ ఆకు ముందు కూర్చుంది.

పెంచలయ్య పొయ్యిలో కట్టె తోశాడు. "ఎందుకొచ్చినావు?"

"చెప్పిపోదామని. ఆ కాగితంలో..."

"అయిదు నెల్లు అదే ఇన్న్యాను. కోర్టులో సదివినారు. ఆడ తమిళం తెలిసినోడు ఒకడు మాకు చెప్పినాడు. వల అవతలేసినాం. నిజమే. నువ్వు అబద్ధం రాసినావని నేననను." నా వైపు తిరిగాడు. "అబద్ధం రాసుంటే నిన్ను తిట్టుకుంటా నిద్రపోయేవాణ్ణి. అది గూడా లేకుండా చేసినావు."

"నేను ఎందుకు రాసినానో నాకే సరిగ్గా తెలవదన్నా."

"తెలుసుకోని ఏం చేస్తావు?" కట్టెలపోగు వైపు నడిచాడు. "పన్నెండుకు బస్సు ఉండాది. పో. మల్ల రాబాక."

పన్నెండు బస్సెక్కి వచ్చేశాను. మళ్లీ వెళ్లలేదు.

షాపులో పని ఉన్నంతసేపు ఏదీ గుర్తుకు రాదు. కానీ ఒక్కటి మాత్రం పోదు. అది ఆ మంగళవారం అప్పగింతప్పటిది.

లైఫ్ జాకెట్ లేకుండా ఎవరినీ రబ్బరు పడవ ఎక్కించకూడదు. ఎనిమిది మందికీ మా డెక్కు మీద నేనే తొడిగాను. పెంచలయ్య ఆఖరివాడు. చేతులు ఎత్తమన్నాను. ఎత్తలేదు. ఏ వైపు పోతున్నారో అప్పటికి అతనికి తెలిసిపోయింది. ఒక్కో చేయీ నేనే పట్టుకుని ఎత్తి జాకెట్‌లోకి దూర్చాను. మూడు క్లిప్పులు బిగించాను. ఊపిరి ఆడుతుందా అని అడిగాను. నా భుజం మీదుగా ఎటో చూశాడు.

రబ్బరు పడవ కదిలింది. రెండు ఓడల మధ్య అర మైలు నీళ్లు. అల లేస్తోంది. సగం దూరం పోయాక పెంచలయ్య మావైపు తిరిగి కూర్చున్నాడు. మూడు క్లిప్పులూ ఒక్కొక్కటిగా విప్పాడు. జాకెట్ తీసి మా ఓడ వైపు విసిరాడు. అది నీళ్లలో పడి నారింజ రంగులో తేలింది. పడవలోని జవాను అతన్ని పట్టుకోవడానికి చూశాడు. అతను చెయ్యి విదిలించుకున్నాడు.

ఈత రాని మనిషి. అల పడవను పైకి ఎత్తినప్పుడల్లా కనబడ్డాడు. దిగినప్పుడల్లా కనబడలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా, అవతలి ఓడ చేరేదాకా నన్నే చూస్తూ కూర్చున్నాడు.